మేని ఛాయ – కాంతి చికిత్స

వెలుగును జ్ఞానానికీ, చీకటిని అజ్ఞానానికీ గుర్తులుగా చెప్పుకోవడం మనకు తరతరాల అలవాటు. దీపం వెలిగించనిదే ఏ శుభకార్యాన్నీ ఆరంభించం. అయితే వెలుగు తనతోపాటు వేడిని కూడా మోసుకొని వస్తుంది. ఆ వేడి ఎక్కడ దిగుతుందో ముందుగా లెక్క చూసుకోకపోతే దారి చూపవలసిన వెలుగే గాయం చేస్తుంది. సౌందర్యం కోసం చేయించుకొనే కాంతి చికిత్సల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ముదురు రంగు చర్మం గల వారి విషయంలో మరింత నిజం.

రామాయంపేటలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, హైదరాబాదులో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఉందనుకుందాం. చామనఛాయ గల పిల్ల. పై పెదవి మీద, చెక్కిళ్ల మీద సన్నని నూగు ఉంది. తోటివారి పరిహాసాలకు లోలోపల నొచ్చుకొంటూ ఉండేది. అక్క పెళ్లి నెలరోజులు ఉందనగా, ‘అవాంఛిత రోమాలకు శాశ్వత పరిష్కారం, సగం ధరకే’ అన్న ప్రకటన ఆమె కంటపడింది. భయపడుతూనే ఆ సౌందర్యశాలకు వెళ్లింది. “ఏం కాదమ్మా, చీమ కుట్టినట్లుంటుంది, అంతే” అని అక్కడి ఉద్యోగిని ధైర్యం చెప్పింది. కాసేపట్లో పని ముగిసింది. ఆ రాత్రికి చెంపలు భగ్గున మండాయి. మరునాటికి పరికరం ఆనిన మేరకు దీర్ఘచతురస్రాకారపు గుర్తులు పడి, కొన్నిచోట్ల బొబ్బలు లేచాయి. బస్సు దిగి ఇంటికి వచ్చిన కూతురి ముఖం చూసి, “ఏమైంది బిడ్డా?” అని తల్లి నిలువునా నీరైపోయింది.

ఆ అమ్మాయి దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే అదే చోట, అదే పరికరంతో, అదే మోతాదులో చికిత్స చేయించుకొన్న ఆమె స్నేహితురాలికి ఏ హానీ జరగలేదు. స్నేహితురాలిది పచ్చని మేనిఛాయ. మరి ఈమెకే ఎందుకు జరిగింది?

ఈ అమ్మాయి మనం కల్పించుకొన్న పాత్రే కాని, ఆమెకు కలిగిన గాయం వైద్యశాస్త్రానికి చిరపరిచితమైనది. ఆమె అడగవలసిన ప్రశ్నకు సమాధానం కొంత జీవశాస్త్రంలో, కొంత భౌతికశాస్త్రంలో, మరికొంత మన సమాజపు ఆలోచనల్లో ఉంది. ఆ మూడింటినీ వరుసగా పరిశీలిద్దాం.

రంగుకు మూలం

మన చర్మపు పైపొర కాగితమంత పలుచన. చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే ఉంటుంది. ఆ పొర అడుగుభాగంలో మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే రంగుపదార్థాన్ని తయారుచేసి, సన్నని గుళికల రూపంలో పక్క కణాలకు అందజేస్తాయి. ఆ కణాలు మెలనిన్ గుళికలను తమ కేంద్రకం మీద గొడుగులా పట్టుకొంటాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కణం లోపలి జన్యుపదార్థాన్ని పాడుచేయకుండా ఈ గొడుగు కాపాడుతుంది.

తెల్లని వారిలోనూ, నల్లని వారిలోనూ మెలనోసైట్ల సంఖ్యలో పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ గుళికల పరిమాణంలో, సంఖ్యలో, అవి కణాలలో పరచుకొన్న తీరులో ఉంది. నల్లని చర్మంలో గుళికలు పెద్దవి, విడివిడిగా కణమంతటా వ్యాపించినవి. తెల్లని చర్మంలో అవి చిన్నవి, గుంపులుగా ఉంటాయి. అంటే నలుపు ఒక లోపమూ కాదు, మాలిన్యమూ కాదు. ఎండ ప్రచండంగా కాసే నేలలో తరతరాలుగా బతికిన మనుషులకు ప్రకృతి ఇచ్చిన రక్షణ అది.

మన దేశంలో ఈ రంగుల వైవిధ్యం అపారం. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందిన శాస్త్రవేత్తలు ఇతర దేశాల పరిశోధకులతో కలిసి 2013లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. ఎస్.ఎల్.సి. 24 ఎ 5 అనే జన్యువులోని ఒక చిన్న మార్పు మేనిఛాయను లేతగా చేస్తుందనీ, ఆ మార్పు భారతదేశంలోని వివిధ సముదాయాలలో వేరువేరు పాళ్లలో కనిపిస్తుందనీ ఆ అధ్యయనం వివరించింది. ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో ఎన్నో ఛాయలు కనిపించడానికి ఇటువంటి జన్యుభేదాలు కారణం. కాబట్టి అక్కకు సరిపడిన చికిత్స చెల్లెలికి సరిపడుతుందని అనుకోవడానికి వీలులేదు.

కాంతి వైద్యంగా మారిన కథ

కాంతితో వ్యాధులను నయం చేయాలన్న ఆలోచన కొత్తది కాదు. చర్మానికి సోకే క్షయను కాంతికిరణాలతో నయం చేసినందుకు డెన్మార్కుకు చెందిన నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించింది. 1917లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన ఒక సూత్రం లేజర్‌కు పునాది అయింది. 1960లో అమెరికా శాస్త్రవేత్త థియోడర్ మైమన్ కెంపురాతి స్ఫటికంతో మొట్టమొదటి లేజర్‌ను వెలిగించాడు. కొద్ది సంవత్సరాలలోనే లియోన్ గోల్డ్‌మన్ అనే వైద్యుడు దానిని చర్మంపై ప్రయోగించి పరిశీలించాడు.

అసలు మలుపు 1983లో వచ్చింది. రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ఒక సిద్ధాంతాన్ని ప్రకటించారు. శరీరంలోని ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క రంగు కాంతిని ఎక్కువగా పీల్చుకొంటుంది. కాబట్టి తగిన రంగు కాంతిని, తగినంత తక్కువ సమయం ప్రసరింపజేస్తే, చుట్టుపక్కల కణజాలానికి హాని కలగకుండా ఎంచుకొన్న లక్ష్యాన్ని మాత్రమే వేడిచేయవచ్చు. ఇదీ ఆ సిద్ధాంత సారం. పుట్టుమచ్చల చికిత్సకూ, పచ్చబొట్ల తొలగింపుకూ, రోమాల తొలగింపుకూ ఇదే ఆధారం. 1990ల మధ్యకాలం నుంచి రోమాల తొలగింపు పరికరాలు విపణిలోకి వచ్చాయి. క్రమంగా అవి ఆసుపత్రులనుండి సౌందర్యశాలలకు, అక్కడినుండి ఇళ్లలోకి కూడా ప్రవేశించాయి.

ఈ పరికరాలు ప్రధానంగా రెండు రకాలు. లేజర్ ఒకే తరంగదైర్ఘ్యం గల కాంతిని వెలువరిస్తుంది. ఐ.పి.ఎల్. అని వ్యవహరించే రెండవ రకం లేజర్ కాదు. అది ఫోటోలు తీసే ఫ్లాష్ దీపం వంటి తీవ్రమైన దీపం. సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల వరకు గల అనేక తరంగాల కాంతిని ఒక్కసారిగా చిమ్ముతుంది. అనవసరమైన తరంగాలను కొన్ని వడపోత గాజులు ఆపుతాయి. ఈ రెండింటినీ ‘లేజర్’ అన్న ఒకే పేరుతో పిలవడం వాడుకలో ఉంది. చేయించుకొనే వారు మాత్రం ఈ భేదాన్ని తెలుసుకొని ఉండాలి.

గుమ్మంలోని కావలివారు

రోమాల తొలగింపులో కాంతికి లక్ష్యం రోమకూపంలో ఉన్న మెలనిన్. అది కాంతిని పీల్చుకొని వేడెక్కుతుంది. ఆ వేడికి రోమం మొదలులోని పెరుగుదల కణాలు నశిస్తాయి. ఇక్కడే చిక్కు వచ్చిపడింది. రోమంలో ఉన్నదీ మెలనినే, చర్మపు పైపొరలో ఉన్నదీ మెలనినే. రోమకూపం లోపల ఉంటుంది. పైపొర దారిలో ఉంటుంది. కాంతి పైపొరను దాటకుండా లోపలికి పోలేదు.

దీనిని ఒక కథగా ఊహించుకోవచ్చు. ఒక కోట లోపలి గదిలో నల్ల తలపాగా ధరించిన శత్రువు ఉన్నాడు. “నల్ల తలపాగా కనిపిస్తే కొట్టు” అని చెప్పి ఒక భటుణ్ణి పంపారు. కోట గుమ్మంలో కావలివారు తెల్ల తలపాగాలతో ఉంటే భటుడు వారిని దాటి నేరుగా లోపలికి పోతాడు. కావలివారు కూడా నల్ల తలపాగాలే ధరించి ఉంటే? భటునికి మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు. గుమ్మంలోనే దెబ్బలు మొదలవుతాయి. కాంతి ఆ భటుని వంటిది. దానికి తెలిసినది రంగు ఒక్కటే.

మే నెల మిట్టమధ్యాహ్నం రామాయంపేట మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి తారుపై చెప్పులు లేకుండా ఒక్క అడుగు వేస్తే అరికాలు కాలుతుంది. అదే ఎండలో సున్నం వేసిన తెల్లని అరుగు అంతగా కాలదు. సూర్యుడు ఒక్కడే, ఎండ ఒక్కటే. పీల్చుకొనే రంగును బట్టి వేడి మారింది. మన కథలోని అమ్మాయికీ, ఆమె స్నేహితురాలికీ మధ్య జరిగినది సరిగ్గా ఇదే.

ఒకే మోతాదు అందరికీ చెల్లదు

అయితే చామనఛాయ, నల్లని ఛాయ గల వారికి ఈ చికిత్సలు అసలే పనికిరావా? పనికివస్తాయి. కాని మూడు విషయాలను వారి చర్మానికి తగినట్లు మార్చవలసి ఉంటుంది.

మొదటిది తరంగదైర్ఘ్యం. కెంపు లేజర్ కాంతి 694, అలెగ్జాండ్రైట్ లేజర్ కాంతి 755, డయోడ్ లేజర్ కాంతి సుమారు 800, ఎన్.డి. యాగ్ లేజర్ కాంతి 1064 నానోమీటర్లు. తరంగదైర్ఘ్యం పెరిగినకొద్దీ మెలనిన్ పీల్చుకొనే కాంతి తగ్గుతుంది. కాబట్టి 1064 నానోమీటర్ల కాంతి పైపొరను తక్కువగా వేడిచేసి లోతుకు పోగలదు. ముదురు ఛాయ గల వారికి వైద్యులు దీనిని సురక్షితమైనదిగా భావించడానికి కారణం ఇదే. అనేక తరంగాలను ఒక్కుమ్మడిగా చిమ్మే ఐ.పి.ఎల్. విషయంలో ముదురు చర్మానికి ప్రమాదం ఎక్కువ.

రెండవది కాంతి ప్రసరించే వ్యవధి. చిన్న గిన్నెలోని వేడినీరు త్వరగా చల్లారుతుంది. పెద్ద కాగులోని నీరు ఆలస్యంగా చల్లారుతుంది. పలుచని పైపొర చిన్న గిన్నె వంటిది, రోమకూపం కాగు వంటిది. శక్తిని ఒక్క దెబ్బలో కాక, సెకనులో వెయ్యోవంతులలో లెక్కించే కొంచెం దీర్ఘమైన వ్యవధిలో అందిస్తే, పైపొర ఎప్పటికప్పుడు చల్లారుతూ ఉంటుంది. రోమకూపం మాత్రం వేడిని నిలుపుకొంటుంది. దీనికి తోడు పరికరపు కొన వద్ద చర్మాన్ని చల్లబరచే ఏర్పాటు తప్పక పనిచేస్తూ ఉండాలి.

మూడవది శక్తి మోతాదు. చదరపు సెంటీమీటరుకు ఇన్ని జౌల్స్ అని దీనిని కొలుస్తారు. తెల్లని చర్మానికి నిర్ణయించిన అంకెను మార్చకుండా నల్లని చర్మంపై ప్రయోగించడమే అనేక ప్రమాదాలకు మూలం.

చర్మపు స్వభావాన్ని నిర్ణయించడానికి వైద్యులు ఫిట్జ్‌పాట్రిక్ పట్టికను ఉపయోగిస్తారు. అమెరికాకు చెందిన థామస్ ఫిట్జ్‌పాట్రిక్ దానిని 1975లో రూపొందించాడు. కాంతి చికిత్సకు వచ్చిన తెల్లవారికి మోతాదు నిర్ణయించడం దాని తొలి ప్రయోజనం. మొదట అందులో తెల్లని చర్మానికి నాలుగు తరగతులు ఉండేవి. గోధుమరంగు, నల్లరంగు చర్మాలకు అయిదు, ఆరు తరగతులు తరువాత చేరాయి. భారతీయులలో అత్యధికులు నాలుగు, అయిదు తరగతులలోకి వస్తారు. ఎన్నో ఛాయలు గల ఒక మహాజనసముదాయం రెండు మూడు అరలలో సర్దుకోవలసి వచ్చిందన్నమాట. పట్టిక ఉపయోగకరమైనదే. కానీ దాని పుట్టుకలోని పరిమితిని ఎరిగిన వైద్యుడు పట్టికను చూసి ఊరుకోడు; ఎదుట ఉన్న మనిషిని చూస్తాడు, పరీక్షగా చిన్నచోట ప్రయోగించి చూస్తాడు.

కొలమానం ఒక రంగును దృష్టిలో ఉంచుకొని పుడితే మరో రంగు వారికి అన్యాయం జరగడం ఈ ఒక్క చోటనే కాదు. కోవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటరు కూడా వేలి గుండా కాంతిని పంపి రక్తంలోని ప్రాణవాయువును లెక్కిస్తుంది. నల్లజాతి రోగులలో ప్రాణవాయువు తగ్గినా ఆ పరికరం గుర్తించలేకపోయిన సందర్భాలు, తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉన్నాయని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు వెల్లడించారు. ఏ యంత్రానికీ పక్షపాతం ఉండదు. దానిని సరిచూసిన మనుషులు ఎవరి చర్మంపై సరిచూశారన్నదే ప్రశ్న.

గాయం ఆనవాళ్లు – తక్షణ కర్తవ్యం

చికిత్స జరిగిన కొన్ని గంటల వరకు, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు రోజుల వరకు రోమకూపాల చుట్టూ కొద్దిగా ఎరుపు, వాపు ఉండటం సహజం. కాని తగ్గని మంట, బొబ్బలు, పొక్కులు కట్టడం, పరికరం ముఖం ఆకారంలో గళ్లు గళ్లుగా మచ్చలు పడటం సహజం కాదు. అవి కాలిన గాయానికి గుర్తులు.

అటువంటప్పుడు మొదట చేయవలసినది కాలినచోట సుమారు ఇరవై నిమిషాలపాటు చల్లని నీటిని ధారగా పోయడం. మంచుగడ్డ నేరుగా పెట్టరాదు. టూత్‌పేస్టు, పసుపు, సిరా వంటివి పూయరాదు. బొబ్బలను చిదపరాదు. ఎండ తగలనీయకుండా వీలైనంత త్వరగా చర్మవైద్యుని చూడాలి.

ముదురు చర్మంలో గాయం మానిన తరువాత మరొక చిక్కు ఉంది. వాపు తగ్గాక ఆ చోట మెలనిన్ అధికంగా తయారై నల్లని మచ్చలు మిగులుతాయి. ఇవి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు అంతకుమించి ఉండవచ్చు. కొన్ని సందర్భాలలో మెలనోసైట్లు దెబ్బతిని తెల్లమచ్చలు కూడా ఏర్పడతాయి. కంగారుపడి అంగడిలో దొరికే తెలుపు క్రీములను రుద్దితే పరిస్థితి విషమిస్తుంది. అటువంటి కొన్ని క్రీములలో స్టెరాయిడ్లు ఉంటాయి. అవి చర్మాన్ని పలుచబరుస్తాయి. స్టెరాయిడ్ కలిసిన పలు పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిర్ణయించింది.

పరికరం ఎవరి చేతిలో ఉంది?

కత్తి పదును కన్నా దానిని పట్టిన చేయి ముఖ్యం. అమెరికాలో 1999 నుంచి 2012 వరకు లేజర్ చికిత్సల గాయాలపై నడిచిన 175 వ్యాజ్యాలను పరిశోధకులు పరిశీలించారు. వాటిలో 75 వ్యాజ్యాలు వైద్యులు కానివారు చేసిన చికిత్సలకు సంబంధించినవి. వ్యాజ్యాలకు అన్నిటికన్నా ఎక్కువగా దారితీసినది రోమాల తొలగింపే.

మన దేశంలో కూడా నియమాలు లేకపోలేదు. భారతీయ చర్మవైద్యుల సంఘం 2008లోనే లేజర్, ఐ.పి.ఎల్. చికిత్సలకు ప్రమాణాలను ప్రకటించింది. సదస్సులలో చూసినంత మాత్రాన, యూట్యూబులో చూసినంత మాత్రాన సౌందర్య చికిత్సలు చేయడానికి తగిన శిక్షణ లభించినట్లు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. చికిత్స స్వభావాన్నీ, ప్రమాదాలనూ, ప్రత్యామ్నాయాలనూ రోగికి ముందుగా వివరించి సమ్మతి పొందాలని సర్వోన్నత న్యాయస్థానం 2008లో సమీరా కోహ్లీ కేసు తీర్పులో నిర్దేశించింది. చదవనీయకుండా సంతకం పెట్టించుకొన్న కాగితం ఈ అర్థంలో సమ్మతి కాజాలదు. రుసుము తీసుకొని చేసిన సేవలో లోపం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రసీదు, గాయం ఛాయాచిత్రాలు, వైద్యుని నివేదిక భద్రపరచుకోవాలి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం సలహా ఇస్తుంది.

చికిత్సకు ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇది లేజరా, ఐ.పి.ఎల్.నా? తరంగదైర్ఘ్యం ఎంత? నా చర్మం ఏ తరగతికి చెందుతుంది? ఆ తరగతికి తగినట్లు మోతాదు మార్చారా? చిన్నచోట పరీక్షించి, ఫలితం చూశాకే కొనసాగిస్తారా? కళ్లకు రక్షణ కళ్లజోడు ఇస్తారా? చేసేవారి అర్హత ఏమిటి? మనం చెప్పవలసినవి కూడా ఉన్నాయి. ఇటీవల ఎండలో తిరిగి నల్లబడినా, మొటిమలకో మరి దేనికో మందులు వాడుతున్నా దాచకుండా చెప్పాలి. ఎండకు నల్లబడిన చర్మంలో మెలనిన్ పెరిగి ఉంటుంది కాబట్టి నిన్నటి మోతాదు నేడు ప్రమాదకరం కావచ్చు. నొప్పి తెలియకుండా పూసే మందును వైద్యుని అనుమతి లేకుండా వాడరాదు. నొప్పి శరీరం పలికే హెచ్చరిక. దాని నోరు మూస్తే కాలుతున్నది కూడా తెలియదు.

మరొక సంగతి. యువతులలో ముఖంపై రోమాలు అధికంగా పెరగడానికి కొన్నిసార్లు హార్మోన్ల అసమతుల్యత కారణం. అప్పుడు మూలకారణానికి వైద్యం చేయకుండా పైన కాంతి ప్రసరింపజేస్తే ఫలితం నిలవదు. కొందరిలో, ముఖ్యంగా మనవంటి ఛాయ గల వారిలో, తక్కువ మోతాదు కాంతి కొత్త రోమాలను పుట్టించిన సందర్భాలు కూడా ఉన్నాయి. ‘శాశ్వత నిర్మూలన’ అన్న మాట ప్రకటనలలో వినిపించేదే కాని, నిజానికి ఈ చికిత్స రోమాలను బాగా తగ్గిస్తుంది. అదీ కొన్ని వారాల ఎడంతో పలుమార్లు చేయించుకొన్నప్పుడు.

అద్దం ముందు

ఇంతకూ ఆ అమ్మాయిని ఆ కుర్చీలో కూర్చోబెట్టినది ఎవరు? ఆమెకు నచ్చి చేయించుకొంటే అది ఆమె ఇష్టం, తప్పుపట్టవలసిన పనిలేదు. కానీ తోటివారి పరిహాసానికీ, పెళ్లిచూపుల బెదురుకూ వెరచి వెళ్తే ఆ గాయంలో సమాజానికీ భాగం ఉంది.

మన ప్రాచీన సాహిత్యం నలుపును చిన్నచూపు చూడలేదు. మహాభారతాన్ని రచించిన వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు. ద్రౌపదికి ‘కృష్ణ’ అన్న పేరు ఆమె మేనిరంగును బట్టి వచ్చింది. రాముడు నీలమేఘశ్యాముడు. ‘శ్యామ’ అన్న పదానికి నల్లని స్త్రీ అనే కాక, నిండు యౌవనంలో ఉన్న స్త్రీ అని కూడా అర్థం ఉంది. కాళిదాసు మేఘసందేశంలోని నాయికకు వాడిన ఆ పదానికి ఈ రెండవ అర్థాన్నే చెప్పిన వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారానికి చెందినవాడు. నలుపునూ, యౌవనాన్నీ ఒకే పదంలో ఇముడ్చుకొన్న భాషాసంప్రదాయానికి వారసులమైన మనం ‘పిల్ల నలుపు’ అని నిట్టూర్చడం ఎంత వింత!

మార్పు మొదలుకాలేదని కాదు. ముదురు ఛాయ గల వారిని కించపరచే ప్రకటనలు కూడదని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమాలు చేసింది. దశాబ్దాలుగా విక్రయమవుతూ వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ తన పేరులోని ‘ఫెయిర్’ను 2020లో వదులుకొంది. పేర్లు మారినంత సులభంగా మనసులు మారవు. అందుకు చదువుకొన్నవారు పూనుకోవాలి.

ఇప్పుడు మన అమ్మాయి దగ్గరికి తిరిగి వద్దాం. “నాకే ఎందుకు జరిగింది?” అని ఆమె కుమిలిపోనవసరం లేదు. ఆమె చర్మంలో ఏ దోషమూ లేదు. ఎండనుండి ఆమెను కాపాడే మెలనిన్ తన పని తాను చేసింది. ఎదురైన కాంతిని అడ్డుకొంది. ఆ చర్మాన్ని చూసి మోతాదు మార్చవలసిన మనిషి తన పని తాను చేయలేదు. రేపు ఆమె చెల్లెలు అటువంటి కుర్చీలో కూర్చోవలసి వస్తే, “ఏం కాదమ్మా” అన్న మాటకు తలూపకుండా, “ఈ యంత్రాన్ని నా చర్మానికి తగినట్లు సరిచేశారా?” అని అడగగలగాలి. సరైన సమాధానం రాకపోతే లేచి వచ్చేయగలగాలి. ఆ ఒక్క ప్రశ్న అడిగే ధైర్యాన్ని ఇచ్చేదే చదువు. వెలుగును జ్ఞానంతో పోల్చిన మన పెద్దల మాటకు అప్పుడే సార్థకత.

కఠిన పదాలు – అర్థాలు

చామనఛాయ = నలుపు, ఎరుపు కాని నడిమి మేనిరంగు
చిరపరిచితం = చాలాకాలంగా తెలిసినది
రోమకూపం = వెంట్రుక మొలిచే చిన్న గుంట
తరంగదైర్ఘ్యం = ఒక కాంతితరంగపు పొడవు
విపణి = అంగడి, మార్కెట్
వ్యాజ్యం = న్యాయస్థానంలో నడిచే తగవు
సమ్మతి = ఒప్పుకోలు
కాగు = నీరు కాచే పెద్ద పాత్ర

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కాంతి చికిత్సలవల్ల ముదురు ఛాయ గల వారికి గాయాలు ఎక్కువగా కలగడానికి గల కారణాలను వివరించండి.
2. కాంతి చికిత్స చేయించుకోదలచినవారు పాటించవలసిన జాగ్రత్తలను, వారికి గల హక్కులను తెలపండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కోట కావలివారి కథ ద్వారా రచయిత ఏ శాస్త్రవిషయాన్ని వివరించారు?
2. ఫిట్జ్‌పాట్రిక్ పట్టికలోని పరిమితి ఏమిటి?
3. కాలిన గాయానికి చేయవలసిన ప్రథమచికిత్సను రాయండి.

ఏకపద, వాక్య సమాధాన ప్రశ్నలు
1. చర్మానికి రంగునిచ్చే పదార్థం ఏది?
2. మొట్టమొదటి లేజర్‌ను వెలిగించినది ఎవరు?
3. మల్లినాథసూరి ఏ ఊరికి చెందినవాడు?